అరవైమంది కలిసి వేసే ర్యాంకులు

మనకి ర్యాంకు అంటే ఎంసెట్ ర్యాంకే. మా రోజుల్లో అందరికీ ఒకటే పేపరు, అవే 160 ప్రశ్నలు, అవే మూడు గంటలు. ఆ చదువుల్నీ ఆ కార్పొరేట్ కాలేజీల్నీ ఎంత తిట్టుకున్నా, లెక్క దగ్గర మాత్రం పేచీ ఉండేది కాదు. పక్కింటి అబ్బాయికి నాకంటే రెండు మార్కులు ఎక్కువొచ్చాయి, వాడు ముందు, నేను వెనక. అంతే. (2016 లో తెలంగాణలో పేపరు లీకై మళ్ళీ పరీక్ష పెట్టిన సంగతి ప్రస్తుతానికి పక్కన పెడదాం.)

ఇప్పుడు ఇంకో రకం ఎంసెట్ ఊహించుకోండి. రాసేవాళ్ళు 130 మందికి పైన. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో పేపరు. ఒకడికి ఐఐటీ లెవెల్లో ఇస్తారు, ఇంకోడిని ఎక్కాలు అప్పచెప్పమంటారు. పరీక్ష మూడు నెలలపాటు వారం వారం సాగుతుంది. తమాషా ఏంటంటే, పరీక్ష మొదలవకముందే ర్యాంకుల లిస్టు వచ్చేస్తుంది! ఆ తర్వాత ప్రతి ఆదివారం దాన్ని సవరిస్తూ పోతారు. సవరించేది ఎవరయ్యా అంటే, ఓ అరవై మంది విలేకరులు.

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ ర్యాంకింగ్ అంటే ఇదే. (ఇది మనం ఆడిన ఫుట్‌బాల్ కాదు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తేది.) నేనుండేది ఒహాయోలోని కొలంబస్‌లో. లక్ష మంది పట్టే స్టేడియం ఉన్న ఊరు. ఇక్కడ శరదృతువులో శనివారం గృహప్రవేశం పెట్టుకోవాలంటే పంతులుగారి కంటే ముందు ఒహాయో స్టేట్ షెడ్యూలు చూసుకోవాలి. మొదట్లో నాకు ఆట ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు గానీ, ఆదివారం మధ్యాహ్నం వచ్చే ఆ పాతిక పేర్ల లిస్టు మాత్రం భలే ఆకర్షించింది. ఎంతైనా ర్యాంకుల దేశం నుంచి వచ్చినవాళ్ళం కదా.

ఆ లిస్టు పేరు ఏపీ పోల్. మన ఏపీ కాదు లెండి, అసోసియేటెడ్ ప్రెస్. 1936 నుంచి నడుస్తోంది. ఓటేసే ప్రతి ఒక్కరూ పాతిక టీములు రాయాలి. మొదటిదానికి 25 పాయింట్లు, రెండోదానికి 24, అలా పాతికోదానికి ఒకటి. అన్నీ కూడితే ర్యాంకు. బోర్డా కౌంట్ అంటారు దీన్ని. 18వ శతాబ్దంలో ఫ్రెంచి నావికాదళంలో పనిచేసిన బోర్డా అనే గణితజ్ఞుడి పేరు అది. రెండు లైన్ల కోడు. కోడులో లోపమేమీ లేదు. గొడవంతా లోపలికి వెళ్ళే డేటాతోనే.

ఒక శనివారం యాభై, అరవై మ్యాచులు జరుగుతాయి. పొద్దున మొదలైతే పశ్చిమ తీరంలో చివరి మ్యాచ్ అయ్యేసరికి ఇటు తూర్పున అర్ధరాత్రి దాటిపోతుంది. ఆదివారం లిస్టు ఇచ్చేయాలి. ఓటరేమో విలేకరి, అతని ఉద్యోగం ఏదో ఒక టీము గురించి రాయడం. శనివారం అతను ఆ ఒక్క స్టేడియంలో కూచుని, ఆ ఒక్క మ్యాచ్ చూసి, రాత్రి హోటల్‌కొచ్చి రిపోర్టు పంపుకుంటాడు. మిగతావి స్కోర్లు, క్లిప్పులు. మరి పాతిక టీములకి వరస ఎలా రాస్తాడు? మనం ఏం చేస్తామో అదే చేస్తాడు. పోయిన వారం ఫైలు తెరుస్తాడు. ఓడినవాళ్ళని నాలుగైదు మెట్లు దించుతాడు, గెలిచినవాళ్ళని ఖాళీ అయిన చోట్లోకి జరుపుతాడు, సేవ్ చేసి పంపేస్తాడు. కొత్తగా ఆలోచించేదేమీ లేదు, పాత వెర్షన్ మీద ఒక ప్యాచ్.

అందరూ అలాగే చేస్తారని అనటం లేదు. ప్రతి వారం తెల్ల కాగితం మీద మొదలుపెట్టే ఓటర్లూ ఉన్నారు. కానీ మొత్తం లిస్టు కదలికలు గమనిస్తే ప్యాచ్ సంగతి తెలిసిపోతుంది. గెలిచిన టీము సాధారణంగా కిందికి రాదు, ఎంత చచ్చీ చెడీ గెలిచినా సరే.

దీనివల్ల ఎవరికి నష్టం? 2004 లో ఆబర్న్‌ని అడగండి. ఆ ఏడు సీజన్ మొదలవకముందు ఏపీ లిస్టులో సదరన్ కాలిఫోర్నియా 1, ఓక్లహోమా 2, ఆబర్న్ 17. మూడు టీములూ ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు. పై ఇద్దరూ ఓడకపోతే కింది నుంచి వచ్చేవాడికి ఖాళీ ఎక్కడిది? ఫైనల్‌కి ఇద్దరే. ఆబర్న్ అన్నీ గెలిచి మూడో స్థానంలో ఆగిపోయింది. ఫైనల్లో ఓక్లహోమా 55-19 తేడాతో చిత్తుగా ఓడింది. ఆగస్టులో, ఎవరూ ఒక్క బంతి కూడా ముట్టుకోకముందు వేసిన అంచనా డిసెంబరు దాకా బతికుంది. ఇనీషియల్ వాల్యూ తప్పైతే ఎన్నిసార్లు లూప్ తిరిగినా సరైన చోటికి చేరకపోవచ్చని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండోది, ఎప్పుడు ఓడారన్నది. సెప్టెంబరులో ఓడితే అక్టోబరు, నవంబరుల్లో మెల్లగా ఎక్కి రావచ్చు, ఓటర్లు మర్చిపోతారు. నవంబరు చివర్లో ఓడితే గోవిందా. ఓటమి అదే, దాని మీద తారీఖు వేరు.

ఇంకోపక్క ఒక్కోసారి కోపంతో కూడా ఓటేస్తారనిపిస్తుంది. 2007 సెప్టెంబరు 1 న అయిదో ర్యాంకు మిషిగన్ సొంత స్టేడియంలో అపలాచియన్ స్టేట్ అనే కింది డివిజన్ టీము చేతిలో 34-32 తో ఓడింది. కొలంబస్‌లో ఆ రోజు పండగే అనుకోండి (ఒహాయో స్టేట్‌కీ మిషిగన్‌కీ మధ్య వైరం ముందు మన ఎన్టీఆర్, ఏఎన్నార్ ఫ్యాన్సు ఎందుకూ పనికిరారు). తర్వాతి లిస్టులో మిషిగన్ పాతికలోనే లేదు. అయిదు నుంచి మాయం. మరి దాన్ని ఓడించినవాళ్ళకి ర్యాంకు ఇచ్చారా? ఇవ్వడానికి అప్పటి రూల్సు ఒప్పుకోవు, కింది డివిజన్ టీములకి ఓటు చెల్లదు. ఆ దెబ్బతో ఏపీ ఆ రూలే మార్చింది.

ఇంతకీ ఈ విలేకరుల లిస్టుకి అంత విలువెందుకని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కారణం ఏంటంటే, కాలేజీ క్రీడల్ని నడిపే ఎన్‌సీఏఏ మిగతా ఆటలన్నిటికీ చాంపియన్‌ని ప్రకటిస్తుంది గానీ, ఫుట్‌బాల్ పై డివిజన్‌కి మాత్రం ఎప్పుడూ ప్రకటించలేదు. చాలాకాలం ఆ ఖాళీలో కూచున్నది ఈ ఓట్లే. దేశంలో నంబర్ వన్ ఎవరంటే పోల్‌లో నంబర్ వన్ ఎవరో వాళ్ళే. 1950 నుంచి కోచ్‌ల పోల్ ఒకటి పక్కన చేరింది. కోచ్‌లు! అంటే పరీక్ష రాసేవాళ్ళే పేపర్లు దిద్దుకోవడం. తన టీముకి, తన ప్రత్యర్థికి, తను ఓడించిన టీముకి (అది పైన ఉంటే తన గెలుపు విలువ పెరుగుతుంది మరి) అన్నిటికీ తనే మార్కులు వేస్తాడు. శనివారం తన మ్యాచ్ తప్ప ఇంకేదీ చూసే తీరిక అసలు ఉండదు. చాలామంది తరఫున ఆ లిస్టు నింపేది ఆఫీసులో ఇంకెవరో అన్నది అందరికీ తెలిసిన రహస్యమే.

1973 లో ఈ కోచ్‌ల పోల్ బౌల్ మ్యాచులు ఆడకముందే అలబామాకి పట్టం కట్టేసింది. ఆ తర్వాత అలబామా వెళ్ళి నోటర్ డామ్ చేతిలో 24-23 తో ఓడింది. కిరీటం మాత్రం వెనక్కి తీసుకోలేదు. మరుసటి ఏడు నుంచి బౌల్ మ్యాచులయ్యాక ఓటేయడం మొదలుపెట్టారు. 1990 కథ ఇంకా బావుంటుంది. విలేకరులు కొలరాడో అన్నారు, కోచ్‌లు జార్జియా టెక్ అన్నారు, అదీ ఒకే ఒక్క పాయింటు తేడాతో. అదే సీజన్లో కొలరాడో ఒక మ్యాచ్ గెలిచింది ఎలాగంటే, నాలుగు ప్రయత్నాలే ఇవ్వాల్సిన చోట అంపైర్లు లెక్క తప్పి అయిదోది ఇచ్చారు, అందులో స్కోరు చేశారు. ఓవర్‌కి ఏడు బంతులు వేయించుకుని ఏడో బంతికి సిక్సు కొట్టినట్టు. అయినా అది స్కోరుబోర్డు మీద గెలుపే కాబట్టి గెలుపే.

ఇక్కడ ఎవరైనా ఇంజనీరు లేచి "మరి కంప్యూటర్‌తో వేయించొచ్చు కదా" అంటాడు. వేయించారు. 1998 లో బీసీఎస్ అని మొదలైంది, పోల్స్‌నీ కొన్ని కంప్యూటర్ ర్యాంకింగుల్నీ కలిపి మొదటి ఇద్దరినీ ఫైనల్‌కి పంపే పద్ధతి. 2003 లో రెండు పోల్స్‌లోనూ నంబర్ వన్ సదరన్ కాలిఫోర్నియా. బీసీఎస్ ఫార్ములాలో మూడు. ఫైనల్ ఎల్‌ఎస్‌యూ, ఓక్లహోమా ఆడుకున్నాయి. ఎల్‌ఎస్‌యూ గెలిచింది, ఏపీ మాత్రం తన కిరీటం సదరన్ కాలిఫోర్నియాకే ఇచ్చింది. ఇద్దరు చాంపియన్లు! మరుసటి ఏడు ఏం చేశారో తెలుసా? కంప్యూటర్ల వాటా మూడో వంతుకి తగ్గించి, మిగతా రెండు వంతులూ పోల్స్‌కి ఇచ్చేశారు. టెస్ట్ ఫెయిలైందని టెస్ట్‌నే పీకేయడం మన దగ్గరే అనుకున్నాను ఇన్నాళ్ళూ. అప్పటికే 2002 లో ఇంకో పని కూడా చేశారు. ఎన్ని పాయింట్ల తేడాతో గెలిచారన్నది కంప్యూటర్లు చూడకూడదన్నారు. చూస్తే టీములు చిన్నవాళ్ళ మీద కావాలని స్కోరు పెంచుకుంటాయని భయం. భయం నిజమే. కానీ మనిషి ఓటరు 50 పాయింట్ల గెలుపునీ ఒక్క పాయింటు గెలుపునీ వేరుగా చూస్తాడు, మెషీన్ కళ్ళకి మాత్రం గంతలు.

ఆ కంప్యూటర్ల కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం 2010 డిసెంబరుది. ఆ ఆరు ర్యాంకింగుల్లో వెస్లీ కాలీ అనే ఆస్ట్రోఫిజిసిస్టు ఒక్కడే తన పద్ధతి మొత్తం బయటపెట్టాడు. ఎవరైనా డేటా వేసుకుని లెక్క సరిచూసుకోవచ్చు. సరిచూశారు కూడా. కింది డివిజన్‌లో ఒకే ఒక్క మ్యాచ్ ఫలితం ఆయన డేటాలో పడలేదని తేలింది. ఆ ఒక్క వరస లేకపోవడంతో పై డివిజన్‌లో ఎల్‌ఎస్‌యూ పదో స్థానంలో, బాయిసీ స్టేట్ పదకొండులో వచ్చాయి. సరిచేస్తే తారుమారయ్యాయి. అప్పుడు చాలామంది కాలీ మీద జోకులేశారు. నాకైతే ఆ పద్ధతి మీద నమ్మకం అప్పుడే పెరిగింది. తప్పు దొరికింది అంటే దొరికేలా రాశాడు కాబట్టి. మిగతా అయిదుగురి లెక్కల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో చూసే దారే లేదు.

ఇదంతా చదువుతుంటే మీకు ఏప్రిల్ నెల గుర్తొస్తోందా? నాకు ప్రతిసారీ గుర్తొస్తుంది. హైదరాబాదులో నేను ఒకప్పుడు చేసిన కంపెనీలో (పేరెందుకు లెండి) నార్మలైజేషన్ మీటింగ్ అని జరిగేది. ఏడెనిమిది మంది మేనేజర్లు ఒక గదిలో కూచుని ఎనభై మందికి వరస రాసేవాళ్ళు. ఒక్కో మేనేజరుకి తెలిసింది తన పది మంది. మిగతా డెబ్భై మందికి ఓటు దేని మీద? పోయిన ఏడాది రేటింగ్ మీద. ఫిబ్రవరిలో ప్రొడక్షన్ పడిపోయినవాడు మునిగేవాడు, జూన్‌లో పడిపోయినవాడు తేలేవాడు. ఒక ఏడాది నేను రాత్రింబవళ్ళు కూచుని జూలైలో ఒక మైగ్రేషన్ పూర్తి చేశాను, ఒక్క ఇష్యూ రాలేదు. మార్చికి అది ఎవరికీ గుర్తులేదు, ఇష్యూ రాలేదు కాబట్టే గుర్తులేదు. రేటింగ్ తగ్గింది. ఎవరన్నారు, ఏ కారణమన్నారు అని అడిగితే "కమిటీ డెసిషన్" అన్నారు. ఆ రెండు ముక్కల్లో నన్ను బాధపెట్టింది రేటింగ్ కాదు, అవతల మనిషి లేకపోవడం. పోట్లాడటానికైనా ఒక మొహం ఉండాలి కదా!

అందుకే ఏపీ పోల్‌ని ఎంత వెక్కిరించినా నాకు దాని మీద ఒక గౌరవం. ప్రతి ఓటరు పేరూ, అతను రాసిన పాతికా అందరూ చూడొచ్చు. ఎవరైనా ఒక టీముని పిచ్చిగా పైన పెడితే సోమవారం ఆ ఊరు ఈ ఊరు అని లేకుండా అభిమానులు దుమ్మెత్తి పోస్తారు, అతను ఏదో ఒక సమాధానం చెప్పుకుంటాడు. కోచ్‌లవి సీజన్ మొత్తం రహస్యమే, 2005 నుంచి ఆఖరి బ్యాలెట్ మాత్రం బయటపెడుతున్నారు. చివరి లిస్టులో తన పేరు కనిపిస్తుందని 2006 లో మా ఒహాయో స్టేట్ కోచ్ ట్రెసెల్ ఓటే వేయలేదు. ఫైనల్లో తన మీద ఎవరు రావాలి, మిషిగనా ఫ్లోరిడానా అన్నది తను తేల్చడం బాగుండదని. (ఫ్లోరిడా వచ్చింది, 41-14 తో చితకబాదింది. ఈ ముక్క మా ఆఫీసులో అనకండి.)

ఇప్పుడు పోల్స్‌తో పని లేదు. 2014 నుంచి పదమూడు మంది కమిటీ. హోటల్ గదిలో కూచుని, చర్చించి, విడతలు విడతలుగా ఓట్లేసి, మంగళవారం టీవీలో లిస్టు విడుదల చేస్తారు. మంచి ఆట తెలిసినవాళ్ళు, వీడియోలు చూస్తారు, సొంత స్కూలు వస్తే బయటికి వెళ్తారు. విలేకరి కంటే ఎంతో శ్రద్ధగా చేస్తారు, నాకు సందేహం లేదు. కానీ ఎవరు ఎవరికి ఓటేశారో చెప్పరు. 2023 లో ఫ్లోరిడా స్టేట్ 13 కి 13 గెలిచింది, అయినా నలుగురిలో తీసుకోలేదు. క్వార్టర్‌బ్యాక్ కాలు విరిగింది కాబట్టి ఇది పాత టీము కాదన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది, లేకపోనూ లేదు. నాకు అభ్యంతరం వేరే. ఇంతకుముందు గెలిచినదానికి ర్యాంకా, ఇకమీదట గెలవబోయేదానికి ర్యాంకా? రిక్వైర్‌మెంటే తేల్చకుండా అవుట్‌పుట్ మీద ఏళ్ళ తరబడి కొట్టుకుంటున్నారు.

2024 లో నాలుగుని పన్నెండు చేశారు. ఇక గొడవలుండవన్నారు. 2025 ఆగస్టు 31 న మయామీ 27-24 తో నోటర్ డామ్‌ని ఓడించింది. రెండూ 10-2 తో సీజన్ ముగించాయి. కమిటీ మాత్రం వారాల తరబడి నోటర్ డామ్‌నే పైన పెట్టింది. ఆఖరి వారాంతం రెండు టీములకీ మ్యాచే లేదు, ఇళ్ళల్లో కూచుని టీవీ చూశారు. ఆదివారం లిస్టు వస్తే మయామీ పది, నోటర్ డామ్ పదకొండు. మయామీ లోపల, నోటర్ డామ్ బయట. ఇద్దరి మధ్యలో ఉన్న బీవైయూ శనివారం ఓడి కిందికి జారడంతో వీళ్ళిద్దరూ పక్కపక్కకొచ్చారని, అప్పుడు ఆగస్టు మ్యాచ్‌ని లెక్కలోకి తీసుకున్నామని చైర్మన్ చెప్పాడు. రెండు వరసలు పక్కపక్కన ఉంటేనే పోల్చే సార్టింగ్ ఫంక్షన్ మన టీములో ఎవరైనా రాస్తే కోడ్ రివ్యూలో ఏమంటామో మీకు తెలుసు. ఆ కమిటీలో ఎవరు ఎటు ఓటేశారో మాత్రం ఇంతవరకూ బయటికి రాలేదు.