చల్లార్చడంలోనే ఉంది అసలు పని

తణుకు దాటి పల్లె దారి పట్టగానే వరి చేల మధ్య పొడవాటి కోళ్ల షెడ్లు కనిపిస్తాయి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రం మనది. పాలకూ గుడ్లకూ కొదవలేని ఈ చోట ఒక డ్వాక్రా సంఘం వాళ్లు కారమెల్ కస్టర్డ్ చేసి, కప్పుల్లో సీలు వేసి అమ్ముతున్నారని విని చూడటానికి వెళ్లాను. 2024 అక్టోబరు చివర్లో పచ్చిగుడ్డు మయొనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం ఏడాదిపాటు నిషేధించింది. గుడ్డు, పాలు కలిసిన తినుబండారాన్ని చిన్న యూనిట్‌లో భద్రంగా చేయడం సాధ్యమేనా అన్న ప్రశ్న అప్పటి నుంచీ నాలో ఉంది.

గుమ్మం దగ్గరే చెప్పులు విడిపించి, తలకు టోపీ పెట్టించి, మోచేతుల దాకా సబ్బుతో కడిగించారు. “గాజులు కూడా తీసెయ్యండమ్మా. లోపల మా వాళ్లెవరికీ ఉండవు. మొదట్లో ఇళ్లల్లో పెద్దవాళ్లు ఒప్పుకోలేదండి. గాజుల సందుల్లో మురికి చేరుద్దని నచ్చజెప్పాం” అన్నారు యూనిట్ చూసుకునే ఆవిడ. పని చేసేవాళ్లందరికీ ఏటా వైద్య పరీక్ష ఉంటుంది. జ్వరమో విరేచనాలో చేతికి పుండో ఉంటే ఆ రోజు లోపలికి రానివ్వరు.

గుడ్లు పగలగొట్టే గది వేరు. పగుళ్లున్నవి, రెట్ట అంటినవి ముందే తీసి పక్కన పెడతారు. మిగిలిన వాటిని ఒక్కొక్కటిగా చిన్న గిన్నెలో కొట్టి చూశాకే పెద్ద పాత్రలో కలుపుతారు. పెంకులు వెంటనే బయటికి వెళ్తాయి. గుడ్డు ముట్టిన చేయి కడగకుండా మరో వస్తువును తాకదు. సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి వచ్చేది ఎక్కువగా ఈ దారినే అని అక్కడ అందరికీ తెలుసు.

పాలు, చక్కెర, గుడ్లు కలిపి సన్నని జల్లెడలో వడగట్టి, అడుగున కారమెల్ పోసిన కప్పుల్లో నింపుతారు. ఆవిరి పట్టడానికి ముందే రేకు మూత అతికించడం ఇక్కడి పద్ధతి. ఉడికాక మూత వేస్తే చేతి నుంచో గాలి నుంచో మళ్లీ సూక్ష్మజీవులు చేరే అవకాశం ఉంటుంది. ముందే వేస్తే మూత లోపలి వైపుకు కూడా వేడి తగులుతుంది.

ట్రే బయటికి రాగానే ఒకమ్మాయి మధ్య వరసలోంచి ఒక కప్పు తీసి, రేకులోంచి థర్మామీటరు సూది దింపింది. అంకె 78, 81 అంటూ పెరిగి 84 దగ్గర నిలిచింది. ఆ అంకె, సమయం, బ్యాచ్ నంబరు రిజిస్టరులో రాసి సంతకం పెట్టింది. సూది గుచ్చిన కప్పు అమ్మకానికి పోదు. వేడి చాలకపోతే సూక్ష్మజీవులు మిగులుతాయి, మరీ ఎక్కువైతే కస్టర్డ్ చిల్లులు పడి నీరు వదులుతుంది. పొద్దున్నే ఆ థర్మామీటరును మంచు కలిపిన నీళ్లలో పెట్టి సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకుంటారు.

“ఉడికించడం అందరికీ వచ్చండి. చల్లార్చడంలోనే ఉంది అసలు పని” అన్నారావిడ. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. 60 డిగ్రీలకూ 5 డిగ్రీలకూ మధ్యే సూక్ష్మజీవులు ఎక్కువగా పెరిగేది. కొన్నిటి బీజాలు మరిగించినా చావవు, గోరువెచ్చగా ఉంటే మేల్కొంటాయి. స్టెఫిలోకాకస్ ఒకసారి విషం వదిలిందంటే మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే ఇక్కడ కప్పులు 60 నుంచి 21 డిగ్రీలకు రెండు గంటల్లో, అక్కడి నుంచి 5కు మరో రెండు గంటల్లో దిగి తీరాలి. ట్రేలను ముందు ఐసునీళ్లలో ఉంచుతారు, ఆ తర్వాత గాలి ఆడేలా ఎడంగా చిల్లర్‌లో పేరుస్తారు. కరెంటు పోతే గడియారం చూసి లెక్క కడతారు. గడువు దాటిన ట్రేను పారబోసినట్టు రిజిస్టరులో రెండు చోట్ల కనిపించింది. దాచకుండా రాసిన ఆ రెండు పంక్తులు చూశాకే ఈ యూనిట్ మీద నాకు నమ్మకం కుదిరింది.

లేబుల్ మీద పదార్థాల పేర్లు ఎక్కువ మోతాదు నుంచి తక్కువకు వరసగా ఉన్నాయి. పోషక విలువలు, నికర బరువు, పన్నులన్నీ కలిపిన ధర, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, వాడాల్సిన గడువు, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు నంబరు, ఫిర్యాదుకు ఫోన్ నంబరు అన్నీ ఉన్నాయి. పాలు, గుడ్డు పడనివారి కోసం అవి ఉన్నాయని విడిగా అచ్చు వేశారు. గుడ్డు ఉంది కాబట్టి గోధుమరంగు చదరంలో అదే రంగు త్రికోణం తప్పనిసరి. కస్టర్డ్ పౌడరులో ఉండేది ప్రధానంగా మొక్కజొన్న పిండి. ఆ పౌడరుతో గుడ్డు లేకుండా ఇక్కడే చేసే మరో రకానికి ఆకుపచ్చ చుక్క. ఈ రెండు రకాలనూ ఒకే రోజు చేయరు.

గడువు తేదీని నోటి లెక్కన వేయలేదు. చల్లగా ఉంచిన కప్పులను ల్యాబుకు పంపి, వచ్చిన ఫలితం కన్నా తక్కువ రోజులే గడువుగా వేశారు. లిస్టీరియా ఫ్రిజ్ చలిలో కూడా పెరగగలదు కాబట్టి ఈ జాగ్రత్త అవసరమే. ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని కప్పులు గడువు దాటేవరకూ తమ దగ్గరే ఉంచుకుంటారు. ఎక్కడైనా ఫిర్యాదు వస్తే ఏ బ్యాచో, ఏ కొట్లకు వెళ్లిందో చూసి సరుకంతా వెనక్కి తెప్పించేందుకు పుస్తకం సిద్ధంగా ఉంది.

చిక్కంతా గేటు దాటాకే. కరెంటు బిల్లు తగ్గుతుందని ఒక కొట్టాయన రాత్రిళ్లు ఫ్రిజ్ ఆపేస్తున్నాడని తెలిసి అక్కడికి సరుకు మానేశారు. రోజుకు నలభై కప్పులు పోయే కొట్టు అది. “డబ్బు మళ్లీ వస్తాదండి. పిల్లలు తినే వస్తువు కదా” అన్నారావిడ.

చిన్న ఆహార పరిశ్రమల యంత్రాలకు కేంద్రం పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల రాయితీ ప్రకటించింది. వంటగదికి అందే ఆ సాయం కొట్లో ఫ్రిజ్ దాకా రావాలి. తనిఖీలు కూడా అక్కడి దాకా వెళ్లాలి. ఈలోగా కొనే మనం చేయగలిగింది ఒకటుంది. కప్పు చేతికి చల్లగా తగలకపోయినా, రేకు ఉబ్బి ఉన్నా తీసుకోకూడదు. ఎందుకు వద్దంటున్నామో కొట్టాయనకు చెప్పి మరీ రావాలి.