ఆవకాయకీ రమ్మీకీ ఏం లంకె?

మా తోడికోడలు రాజమండ్రిలో పచ్చళ్ళూ పొడులూ చేసి అమ్ముతుంది. పోయినేడు వాళ్ళబ్బాయి దానికో వెబ్‌సైటు పెట్టిచ్చాడు. మా మరిది ఉద్యోగం పోయాక ఆ ఇంటికి ఆధారం ఈ ఆర్డర్లే. అందుకే "గూగుల్లో పైకి రావాలంటే లింకులు మార్చుకుందాం" అంటూ మెయిళ్ళు మొదలయ్యేసరికి పాపం ఆశపడింది. "అక్కా, ఊరికే వస్తుంటే కాదనడం ఎందుకు, అందరికీ సరేననేస్తే పోలా?" అని ఫోను.

అన్నీ నాకు పంపమన్నాను. ఒకటి ఆన్‌లైన్ రమ్మీ వాళ్ళది, ఒకటి అప్పులిచ్చే వాళ్ళది, ఇంకొకటి ఎక్కడో విదేశంలో కిటికీ అద్దాలు బిగించే వాళ్ళది! లింకుకి తెలుగులో లంకె అని ఎవరు పెట్టారో గానీ భలే కుదిరింది. దానికీ దీనికీ ఏం లంకె అని మనం మామూలుగా అడిగేదే ఇక్కడా అడగాలి.

1998లో స్టాన్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న లారీ పేజ్, సెర్గీ బ్రిన్ పేజ్‌ర్యాంక్ అనే పద్ధతిని బయటపెట్టారు. ఒక పేజీ ఇంకో పేజీకి లంకె ఇచ్చిందంటే దాని గురించి ఓ మంచి మాట చెప్పినట్టు. చెప్పినవాళ్ళు పరువున్నవాళ్ళయితే ఆ మాటకి విలువెక్కువ. పెళ్ళి సంబంధాలప్పుడు మనం వాకబు చేసేదీ ఇలాగే కదా. ఈ కిటుకు తెలిశాక జనం ఊరుకుంటారా? నువ్వు నన్ను పొగుడు, నేను నిన్ను పొగుడుతా అని మొదలెట్టారు. 2012 ఏప్రిల్లో గూగుల్ పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, అలా లంకెలు పోగేసుకున్న సైట్లని చాలావాటిని కిందకి తోసేసింది. ఊరికే ఇచ్చిపుచ్చుకోవడానికి అతిగా మార్చుకునే లంకెలు తప్పని దాని నియమాల్లో ఇప్పటికీ ఉంది. 'అతిగా' అన్నారు, గమనించండి. అసలే వద్దనలేదు.

మరి ఎవరితో? "ఆ పేజీ చూస్తున్న మనిషికి ఆ నిమిషాన నీ ఆవకాయ గుర్తొస్తుందా?" అన్నాను. రమ్మీ ఆడేవాడికి రాదు. జాడీ కొనడానికి వచ్చినావిడకి తప్పకుండా వస్తుంది. ఎలాగూ నువ్వుల నూనె గానుగ వాళ్ళ దగ్గరే తెస్తుంది, వాళ్ళకో సైటుంది. ఆంధ్రా వంటలు రాసే ఒకావిడ ఉంది. ముగ్గురూ ఇలా దొరికారు.

ఇంకో పచ్చళ్ళావిడ అడిగితే మాత్రం మా తోడికోడలు ససేమిరా అంది, పోటీ కదా అని. నాకలా అనిపించలేదు. ఆవిడ చేసేవి చికెన్, రొయ్యల పచ్చళ్ళు. ఈమె నీచు ముట్టదు. ఇక్కడ లేనిది అక్కడ కొనుక్కుంటారు, బేరం ఎక్కడ పోతుంది? ఇంకా ఒప్పుకోలేదు లెండి.

సరుకు కుదిరినంత మాత్రాన సరిపోదు, ఆ సైటు తెరిచి చదవాలి. మనిషి రాసినట్టుందా? గూగుల్లో దాని పేరు కొడితే అదైనా కనిపిస్తుందా? ఒకే పేజీలో వంద లంకెలు గుట్టపోసి ఉంటే వదిలేయడమే. మనం ఇచ్చే లంకె కూడా ఎక్కడో అడుగున పడేయకూడదు. మాగాయకి ఏ నూనె పోస్తామో చెప్పే వాక్యంలోనే గానుగ వాళ్ళ పేరు రావాలి.

గానుగ వాళ్ళు వెంటనే సరేనన్నారు. జాడీలావిడ మాత్రం తన జాడీలో పచ్చడి పెట్టిన ఫోటో ఒకటి కావాలంది. మా తోడికోడలు కొత్తావకాయ కలిపేదాకా ఆగమని చెప్పింది.