చీనా పలుకు, తెలుగు చెవి

రోళ్లు పగులు రోహిణికార్తె యెండలో, సెలవులకు సింగపూరునుండి బెజవాడ వచ్చిన పసివానిని గదిలో కూర్చుండబెట్టి, ఒక్కొక్క చీనా లిపిచిహ్నమును పుటనిండ వ్రాయుమని గద్దించు తల్లిదండ్రులను చూచినప్పుడెల్ల నా మనస్సు చివుక్కుమనును. వారి యిబ్బంది నెరుగనివాడను గాను. అచ్చటి బడులలో ఆంగ్లముతోపాటు మాతృభాష పేర మరియొక భాష చదువవలెను. తమిళమునకు, హిందీకి, బంగాళీకి, గుజరాతీకి, పంజాబీకి, ఉర్దూకు చోటు కలదు గాని తెలుగునకు లేదు. అట్టిచో, తోడిపిల్లలు ఆడుకొను భాష యనియు, రేపు కొలువునకు అక్కరకు వచ్చుననియు చీనాను కోరుకొను తెలుగువారు గలరు. కోరుట తప్పుగాదు. ఆటగా రావలసిన విద్యను శిక్షగా మార్చుటయే నాకు సహింపరానిది.

దివిసీమలో మా వీధిబడి పంతులుగారు తెల్లవారకముందే అరుగుమీద ఇసుక పరచి, చెంబెడు నీరు చిలుకరించి, అరచేతితో సాపుచేసి, మా వ్రేలు తనచేతబట్టి దిద్దించెడివారు. తప్పు వచ్చినచో కోపింపక మరల సాపుచేసెడివారు. నేటికిని నా దస్తూరి గుండ్రముగా నున్నదన్న అది ఆ మహానుభావుని చలువయే. ఆ ఇసుకనే పళ్లెములో పోసి పిల్లవాని ముందుంచుడు. అడ్డముగా నొక గీత, దానిని కోయుచు నిలువుగా నొకటి, కలిసినచోటినుండి ఇరుప్రక్కలకు దిగు రెండు గీతలు, అది చెట్టు. ప్రక్కన మరియొకటి నాటిన తోపు. రెంటిపైన మూడవది నిలిపిన కారడవి. బిడ్డ నాలుగవ చెట్టును గూడ నాటబోవును, నాటనిండు. పైగీత ముందు, క్రిందిది పిదప, ఎడమది ముందు, కుడిది పిదప అను వరుసను మాత్రము తప్పనీయకుడు. అంకెలకు నూజివీడు రసాల బుట్ట చాలును. బొటనవ్రేలిని, చిటికెనవ్రేలిని చాపి తక్కినవి ముడిచిన చీనావారికి ఆరు. పదివరకు వారు ఒంటిచేతనే చూపుదురు.

ఇక ఉచ్చారణ. 1958లో చీనా ప్రభుత్వము ఆమోదించిన పిన్యిన్ అను రోమను లిపి పద్ధతిని మనవారు ఆంగ్లపు కంటితో చదివించి బిడ్డల నోరు చెడగొట్టుచున్నారు. అందు ‘బి’ మన బకారము గాదు, పకారము. ‘పి’ యన్నది ఒత్తు పకారము. అట్లే ‘డి’ తకారము, ‘టి’ థకారము. అల్పప్రాణ మహాప్రాణ భేదము తెలుగు వర్ణమాల నేర్చిన బిడ్డకు క్రొత్తగాదు. అంతకన్న ముఖ్యము చకారము. చలి, చాప అనునప్పుడు దంతములకు తగులునది యొకటి, చిలుక, చెరకు అనునప్పుడు తాలువునకు తగులునది మరియొకటి. బాలవ్యాకరణము వీనిని దంత్యతాలవ్యములని వేరుపరచెను, పాత నిఘంటువులు దంత్యమునకు తలపై గుర్తు నుంచెను. పిన్యిన్‌లోని ‘జెడ్’ చాపలోని చకారము, ‘జె’ ఇంచుమించు చిలుకలోని చకారము. ఇంత సంపద కృష్ణాతీరపు బిడ్డ నాలుకమీదనే యుండగా, ఆంగ్లపు జకారముతో దానిని మరుగుపరచుట యెంత నష్టము! మన అచ్చుపుస్తకములలో ఆ గుర్తును తొలగించినవారిని నేను నేటికిని క్షమింపలేదు.

ఇంట నేర్పువారెవరందురా, వినుడు. 7వ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు ధాన్యకటకమునకు వచ్చి, కొన్ని నెలలు నిలిచి, సుభూతి, సూర్యుడు అను ఇరువురు భిక్షువులవద్ద మహాసాంఘికులను బౌద్ధశాఖవారి మూలాభిధర్మమును చదివెను; వారును ఆయనవద్ద మహాయాన శాస్త్రములను చదివిరి. ఆ నగరము అమరావతియే యని కొందరు, బెజవాడ యని కొందరు పండితులు వాదించిరి. ఏదైనను మన కృష్ణయొడ్డే. గురువులే శిష్యులై కూర్చున్న గడ్డ యిది. ఇంట చీనా యెరిగినవారు లేరను చింత యిక నెందుకు? తాతలారా, అమ్మమ్మలారా, బిడ్డను పీటపై కూర్చుండబెట్టి మీరు చాపపై కూర్చుండుడు. వానిచేత చెప్పించుకొనుడు, తప్పు పలికినచో వానిచేతనే దిద్దించుకొనుడు. ఆ శిష్యరికమునకు సిగ్గుపడకుడు.