కోతి నెత్తురు చెప్పే సాక్ష్యం

కోతుల నెత్తురు తీసి పరీక్ష చేస్తారని మా యానాది కాలనీలో చెప్తే అందరూ నవ్వారు. "మనకు జ్వరమొస్తే సూది వేసే దిక్కులేదు, కోతికి పరీక్షంట!" అని మా అత్త అనింది. ఆమె మాటలో నిజముంది. కానీ ఆ పరీక్ష మన బతుకుకు చాలా దగ్గరి సంగతి. అందుకే రాస్తున్నాను.

మదనపల్లెలో పారబోసిన టమాటాల దగ్గర, పుంగనూరు పక్క చెనక్కాయ చేలల్లో, కుప్పం అడవి అంచు ఊళ్ళలో కోతులు మనతోనే బతుకుతున్నాయి. నెత్తిన టోపీ పెట్టినట్టు వెంట్రుకలుండే ఈ జాతిని శాస్త్రవేత్తలు బానెట్ మకాక్ అంటారు. మనం దిగే కుంటలోనే అవీ నీళ్ళు తాగుతాయి. పశువులు దిగేదీ అక్కడే, ఎలుకలు తిరిగేదీ ఆ గట్టు మీదే.

ఒక సూక్ష్మజీవి ఒంట్లోకి వస్తే, దాన్ని ఎదుర్కోవడానికి ఒళ్ళు కొన్ని ప్రోటీన్లు తయారుచేస్తుంది. వాటినే యాంటీబాడీలు అంటారు. జబ్బు తగ్గిపోయినా అవి కొన్ని నెలలు, ఒక్కోసారి ఏళ్ళ తరబడి నెత్తురులో ఉంటాయి. తడి మట్టిలో అడుగు చూసి ఏ జంతువు పోయిందో, ఎప్పుడు పోయిందో చెప్పే మన పెద్దలకు ఇది కొత్త విద్య కాదు. అడుగు ఉందంటే జంతువు ఆ దారిన పోయిందని అర్థం. ఇంకా అక్కడే పొదలో ఉందని కాదు. యాంటీబాడీ కూడా అంతే. కోతి ఆ సూక్ష్మజీవిని ఎప్పుడో కలిసిందని చెబుతుంది. ఇప్పుడు జబ్బుతో ఉందనీ, మనకు అంటిస్తుందనీ చెప్పదు. అది తేల్చాలంటే మూత్రంలోనో నెత్తురులోనో ఆ సూక్ష్మజీవినే వెతకాలి.

ఈ తేడా మదనపల్లెకు ఎప్పుడో తెలుసు. అక్కడి ఆరోగ్యవరంలో 1915లోనే క్షయ ఆసుపత్రి మొదలైంది. మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైన తొలి చోట్లలో మదనపల్లె ఒకటి. అది 1948 నాటి మాట. 1950 నుంచి డాక్టర్ ఫ్రిమోట్ మొల్లర్ బృందం చుట్టుపక్కల ఊళ్ళలో జనం చేతులకు ట్యుబర్‌క్యులిన్ సూది వేసి చూసింది. అది యాంటీబాడీ పరీక్ష కాదు, చర్మం మీద చేసేది. కానీ చెప్పే సంగతి అలాంటిదే. చెయ్యి వాచిందంటే ఆ మనిషి క్షయ సూక్ష్మజీవిని కలిశాడని. కలిసిన వాళ్ళలో ఎక్కువమందికి జబ్బు రానే రాదు. ఇదే సూదిని జంతుశాలల్లో, ప్రయోగశాలల్లో కోతుల కంటి పైరెప్పకు వేస్తారు. ఎందుకంటే క్షయ మనిషి నుంచి కోతికి అంటుతుంది. అన్ని జబ్బులూ కోతి దగ్గర్నుంచే వస్తాయనే వాళ్ళు ఇది తెలుసుకోవాలి.

యాంటీబాడీ పరీక్షతో ఎక్కువగా వెతికే జబ్బుల్లో లెప్టోస్పైరోసిస్ ఒకటి. తెలుగులో ఎలుక జ్వరం అంటున్నారు. లెప్టోస్పైరా అనే బాక్టీరియా ఎలుకల మూత్రపిండాల్లో ఉంటూ, మూత్రంతో నీళ్ళలోకి, బురదలోకి వస్తుంది. పశువులు, పందులు, కుక్కల నుంచి కూడా వస్తుంది. చర్మం మీది గాయాల గుండా, కళ్ళ గుండా, నోటి గుండా మన ఒంట్లోకి పోతుంది. పరీక్షలో నెత్తురు నుంచి తీసిన సీరాన్ని పలచన చేస్తూ పోయి, బతికున్న లెప్టోస్పైరాలతో కలిపి, సూక్ష్మదర్శినిలో చూస్తారు. యాంటీబాడీలుంటే అవి గుంపు కడతాయి. ఎంత పలచన చేసినా గుంపు కడుతున్నాయంటే అన్ని ఎక్కువ యాంటీబాడీలు ఉన్నట్టు. బార్బడోస్ దీవి కోతుల్లో ఈ యాంటీబాడీలు ఉన్నట్టు 1987లోనే ప్రచురించారు. కోతిలో ఆ గుర్తు దొరికితే, ఆ చుట్టుపక్కల నీళ్ళలో, నేలలో ఏదో ఉందని మనకు కబురు అందినట్టే. కోతి దోషి కాదు, సాక్షి.

ఆ నీళ్ళలో, ఆ నేలలో అందరికంటే ఎక్కువ మునిగేది ఎవరు? మా నాయన వరి గట్ల మీద కుండతో పొగ పెట్టి, వట్టి చేతులతో బొరియలోంచి ఎలుకల్ని లాగేవాడు. మా మేనమామ కోతులు పట్టే పనికి పోతాడు. బోను వాళ్ళిస్తారు, చేతికి తొడుగులు మాత్రం ఎవరూ ఇవ్వరు. కోతి గీరినా కరిచినా పసుపు పూసుకుని పని చేస్తాడు. కోతి నెత్తురు సీసాలో పట్టుకుని పోయేవాళ్ళు, ఆ కోతిని పట్టిన చేతిని కూడా చూడాలి కదా!

మా చిన్నాన్న కొడుక్కి నాట్ల కాలంలో జ్వరమొచ్చింది. పిక్కలు నొప్పి, కళ్ళు ఎర్రబడ్డాయి, తర్వాత ఒళ్ళు పచ్చబడింది. కామెర్లని మందు కట్టించారు. ఒక ఆసుపత్రిలో జ్వరం మాత్రలిచ్చి పంపేశారు. ఏం పని చేస్తావని అక్కడ ఒక్కరూ అడగలేదు. రెండో ఆసుపత్రిలో అడిగారు, పరీక్ష చేశారు, ఎలుక జ్వరమన్నారు. అప్పటికే మూత్రం తగ్గిపోయింది. బతికాడు గానీ ఆ ఏడాదంతా కూలికి పోలేకపోయాడు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! బురదలో దిగిన రెండు మూడు వారాల్లో జ్వరమొస్తే, డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: "నేను ఎలుకలు పడతాను, వరి మడిలో దిగాను, కుంట నీళ్ళలో ఉన్నాను" అని. మొదట్లోనే గుర్తిస్తే డాక్సీసైక్లిన్, పెన్సిలిన్ లాంటి పాత మందులే పనిచేస్తాయి. జ్వరం వచ్చిన తొలి నాలుగైదు దినాల్లో యాంటీబాడీలు ఇంకా పుట్టకపోవచ్చు. అప్పుడు పరీక్షలో లేదని వచ్చినా జబ్బు లేదని కాదు. మళ్ళీ చేయమని అడగండి. కోతి కరిస్తే సబ్బు పెట్టి నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడిగి, రేబిస్ టీకాకు వెంటనే పోండి.

టీచర్లకు ఒక మనవి. ఎనిమిదో తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చెప్పేటప్పుడు, మీ అమ్మానాన్నలు ఏ నీళ్ళలో పని చేస్తారని పిల్లల్ని అడగండి. మన పని మన ఒంట్లో ఏ గుర్తులు పెడుతోందో మనమే చదవడం నేర్చుకోవాలి. ఆ చదువు వచ్చిన పిల్ల రేపు ఆసుపత్రిలో వాళ్ళ నాయన తరఫున మాట్లాడగలదు.