కుక్క తోకా, రేకూ, సిమ్యులేషనూ

రేకుని వంచి వదిలితే కాస్త వెనక్కి లేస్తుంది. దీన్ని స్ప్రింగ్‌బ్యాక్ అంటారు. కుక్క తోక వంకర అంటే మనవాళ్ళకి ఇంకా తొందరగా అర్థమవుతుంది.

మా ద్రాక్షారామం వైపు రైసు మిల్లులకి హాపర్లూ, గొట్టాలూ చేసే వర్క్‌షాపులో అడిగి చూడండి. "తొంభై కావాలంటే ఎనభై ఎనిమిదికి వంచాలండీ, ఒదిలేస్తే అదే వచ్చేస్తాది" అంటారు. ఆ రెండు డిగ్రీల కోసమే మేం వేల ఎలిమెంట్లతో మోడల్ కట్టి రాత్రంతా రన్ వేస్తాం.

మరి ఇంత హడావుడి ఎందుకంటారా? డై చేయించడం ఖరీదు. లక్ష కారు తలుపులు కొట్టేవాడికి గిడుతుంది గానీ పది హాపర్లు చేసేవాడికి గిట్టదు. అందుకే ఫ్లెక్సిబుల్ ఫార్మింగ్ వచ్చింది. ఎత్తు మార్చుకోగల పిన్నులతో డై కట్టడం ఒక పద్ధతి. సీఎన్‌సీ మెషీన్‌కి గుండ్రటి మొన పెట్టి రేకుని వరస వరసగా నొక్కుతూ దింపడం ఇంకోటి. ఈ రెండోదానికి ఎడ్వర్డ్ లెస్జాక్ 1967లోనే అమెరికాలో పేటెంట్ పొందాడు. చిక్కేమిటంటే, పూర్తి డై లేదు కాబట్టి రేకుని అన్ని వైపులా పట్టి ఉంచేదేమీ లేదు. ఆకారం తప్పడం ఎక్కువ.

సిమ్యులేషన్‌లో ముందు రేకుని వంచుతాం, తరవాత పనిముట్టు తీసేసి ఎంత లేచిందో లెక్కేస్తాం. తేడా ఎటు వచ్చిందో పనిముట్టు దారిని దానికి ఎదురు దిక్కుకి జరిపి మళ్ళీ రన్ వేస్తాం. అంటే వర్క్‌షాపు ఆయన ఎనభై ఎనిమిదే, కాకపోతే వేల చోట్ల.

అసలు గొడవ మెటీరియల్ డేటాతో. స్టీలు ఎలాస్టిక్ మాడ్యులస్ సుమారు 200 గిగాపాస్కల్స్, అల్యూమినియానిది 70. బలం, మందం ఒకటే అయినా అల్యూమినియం దాదాపు మూడు రెట్లు లేస్తుంది. పైగా ఒకసారి వంగిన లోహం తిరగేసి వంచితే ముందుకన్నా తొందరగా లొంగుతుంది. బౌషింగర్ ఈ సంగతి 1880ల్లోనే చెప్పాడు. దాన్ని పట్టించుకోకుండా డిఫాల్ట్ మెటీరియల్ కార్డు పెడితే జవాబు తప్పొస్తుంది. 1993 న్యూమీషీట్ సదస్సులో U ఆకారం రేకు లెక్క అందరికీ ఒకటే ఇచ్చారు, జవాబులు మాత్రం ఎక్కడెక్కడో తేలాయి. స్క్రీన్ మీద రంగులు బాగున్నాయి కదా అని నమ్మేస్తే కుక్క తోక పట్టుకుని గోదారి ఈదినట్టే.

ఉస్మానియాలో చదివి టెక్సస్ ఏ అండ్ ఎం లో ప్రొఫెసరైన జె.ఎన్. రెడ్డి గారి ఫైనైట్ ఎలిమెంట్ పుస్తకం (1984) ప్రపంచమంతా చదువుతారు. మనవాళ్ళు హైదరాబాదులో, బెంగళూరులో కూర్చుని విదేశీ కార్లకి ఇవే లెక్కలు చేస్తున్నారు. సొంతూరి హాపరు మాత్రం ఎవరికీ పట్టదు. లైసెన్సు ఖరీదు అనే సాకు కూడా ఇప్పుడు పెద్దగా చెల్లదు. 2022లో ఆల్టెయిర్ వాళ్ళు రేడియోస్‌ని ఓపెన్ సోర్స్ చేసేశారు. టెన్సైల్ టెస్టు చేసే మెషీను మెకానికల్ డిపార్ట్‌మెంటున్న కాలేజీల్లో ఉంటుంది.

లేనిదల్లా కొలతలే. ఏ గేజు రేకు, ఏ కాయిలు, ఎంత వంచితే ఎంత లేచింది అన్నది ఆ మేస్త్రీ చేతిలో ఉంది గానీ కాగితం మీద లేదు. ఆయన పని మానేస్తే అదీ పోతుంది. సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు ఓ పూట వర్క్‌షాపులో కూర్చుని, ఆయన వంచే రేకులు ఓ ఇరవై కొలిచి రాసుకుంటే చాలు. మన రేకుకి మన డేటా అక్కడే మొదలవుతుంది.