ఇంటి ధర అడిగాం, పన్ను అడగలేదు!

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఆ ఇంటికి ఏటేటా కట్టాల్సిన పన్ను సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అమెరికాలో మేం దెబ్బతిని నేర్చుకున్న ఆ పాఠం మీతో చెప్పుకుందామనే ఈ నాలుగు మాటలూ. మీ ఇంట్లోనూ అమ్మాయో, అబ్బాయో, ఆడపడుచో అక్కడ ఇల్లు కొనే ఆలోచనలో ఉండే ఉంటారు కదా!

ఇంటి పన్ను అంటే నాకు గుర్తొచ్చేది తెనాలిలో మా నాన్నగారు. ఆరు నెలలకోసారి మున్సిపాలిటీకి వెళ్ళి కట్టి, రశీదు తెచ్చి ఇనప తీగకి గుచ్చేవారు. ఆ పన్ను గురించి ఇంట్లో ఎవరూ బెంగపడగా నేను చూడలేదు.

పెళ్ళయ్యాక కాలిఫోర్నియాలో పదిహేనేళ్ళు అద్దె అపార్టుమెంట్‌లోనే గడిపేశాం. 2021లో మావారికి టెక్సాస్‌లో ఉద్యోగం వచ్చింది. అక్కడ జీతం మీద రాష్ట్రానికి ఆదాయపు పన్ను కట్టక్కర్లేదు. ఇళ్ళు కూడా కాలిఫోర్నియా కన్నా చవక. ఇంకేం కావాలి? డాలస్ దగ్గర కొత్తగా వెలిసిన కాలనీలో 4,50,000 డాలర్లకి కొత్త ఇల్లు కొన్నాం. నెలకి వాయిదా ఎంతో చెప్పారు. నేను నా పద్దుల పుస్తకంలో వేసి చూసుకుని, సరిపోతుందిలే అనుకున్నాను. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను.

2023 మొదట్లో బ్యాంకు నుంచి ఉత్తరం వచ్చింది. ఇకమీదట వాయిదా నెలకి 1,320 డాలర్లు ఎక్కువ కట్టాలట! నా గుండె గుభేలుమంది. మా వడ్డీ మారేది కాదే, మరి ఎందుకు పెరిగినట్టు? ఆ రాత్రి మావారూ నేనూ కాగితాలన్నీ బల్ల మీద పరుచుకుని కూర్చున్నాం. అప్పటికి గాని విషయం బోధపడలేదు.

టెక్సాస్‌లో జనవరి 1న ఆస్తి ఎలా ఉందో చూసి ఆ ఏటి పన్ను వేస్తారు. 2021 జనవరి 1న మాది ఉత్త ఖాళీ స్థలం. విలువ 90,000 డాలర్లు. మా దగ్గర పన్ను నూటికి 2.2 చొప్పున. అంటే ఏడాదికి 1,980. దాన్ని పన్నెండు భాగాలు చేసి, నెలకి 165 చొప్పున వాయిదాలో కలిపి ఎస్క్రో అనే ఖాతాలో వేశారు. పన్ను మన తరఫున బ్యాంకే కడుతుంది. 2022 జనవరి 1 నాటికి ఆ స్థలంలో ఇల్లుంది. పన్ను 9,900 అయింది! నెలకి 660 ఎక్కువ. ఆ ఏడాది తక్కువ పడిన 7,920 డాలర్లూ బ్యాంకు తనే కట్టి, మా దగ్గర నెలకి మరో 660 చొప్పున రాబట్టుకుంటోంది. రెండూ కలిపితే 1,320.

ఆ వేసవిలో అమ్మ కంటి ఆపరేషన్‌కి తెనాలి వెళ్ళాలనుకున్నాను. టికెట్ల డబ్బు వాయిదాలకే పోయింది. ఆపరేషన్ నేను లేకుండానే అయిపోయింది. "ఏం ఫరవాలేదే" అంది అమ్మ ఫోన్లో. నాకే ఫరవా అనిపించింది.

ఒక రాష్ట్రంలో విన్న లెక్క ఇంకో రాష్ట్రంలో పనికిరాదండీ. కాలిఫోర్నియాలో 1978లో వచ్చిన చట్టం ప్రకారం అసలు పన్ను కొన్న ధరలో నూటికి ఒకటి. ఆ పైన ఊరివి కొన్ని కలుస్తాయి. పన్ను వేసే విలువ ఏటా నూటికి రెండుకి మించి పెంచకూడదు. టెక్సాస్‌లో ఇంటి విలువ మళ్ళీ మళ్ళీ కడతారు. జీతం మీద పన్ను లేదు కదా, స్కూళ్ళకీ, ఊరికీ, కౌంటీకీ డబ్బు ఇంటి మీద నుంచే రావాలి. కొత్త కాలనీల్లో చాలాచోట్ల నీళ్ళ గొట్టాలకీ, మురుగు కాలవలకీ చేసిన అప్పు తీర్చడానికి మడ్ అని ఇంకో పన్ను కూడా ఉంటుంది.

మేం చేసిన రెండో తప్పు హోమ్‌స్టెడ్ మినహాయింపు అడక్కపోవడం. మనం సొంతంగా ఉండే ఇంటికే అది ఇస్తారు. స్కూలు పన్ను వేసేటప్పుడు ఇంటి విలువలో కొంత వదిలేస్తారు. 2022లో 40,000 డాలర్లు వదిలేవారు, 2023లో లక్ష చేశారు, 2025లో 1,40,000 చేశారు. మినహాయింపు వచ్చిన మరుసటి ఏడాది నుంచి పన్ను వేసే విలువ ఏటా నూటికి పదికి మించి పెరగదు. దానంతటదే వస్తుందనుకుని మేం ఊరుకున్నాం. అడగందే అమ్మయినా అన్నం పెట్టదు కదా! దరఖాస్తుకి ఒక్క సెంటు ఖర్చు లేదు. డ్రైవింగ్ లైసెన్సులో కొత్త ఇంటి చిరునామా ఉండాలి. ఆలస్యమైనా రెండేళ్ళ దాకా గడువుందని తెలిసి వేస్తే, మాకు కొంత డబ్బు వెనక్కి వచ్చింది.

ఏప్రిల్, మే నెలల్లో మీ ఇంటి విలువ ఇంత అని నోటీసు వస్తుంది. ఎక్కువనిపిస్తే మే 15 లోగా గాని, నోటీసు పంపిన 30 రోజుల్లోగా గాని, ఏది తర్వాతైతే ఆ లోపల అభ్యంతరం చెప్పుకోవచ్చు. మా వీధిలో తక్కువకి అమ్ముడైన ఇళ్ళ వివరాలూ, మా గోడ బీటల ఫోటోలూ పట్టుకుని నేనే వెళ్ళాను. వచ్చీరాని ఇంగ్లీషులోనే చెప్పాను. విలువ తగ్గించారు!

పాత ఇల్లు కొనేవాళ్ళకీ ఓ మాట. అమ్మేవాళ్ళు కట్టిన పన్ను చూసి మురిసిపోకండి. 65 ఏళ్ళు దాటినవాళ్ళకి అక్కడ స్కూలు పన్ను పెరగకుండా ఆపుతారు. ఇల్లు చేతులు మారితే ఆ సదుపాయం మీకు రాదు.

కాబట్టి ఏ రాష్ట్రంలో కొన్నా సంతకానికి ముందే అడగండి: ఇల్లు పూర్తయ్యాక, మా పేరు మీదకొచ్చాక పన్నెంత? ఏ తేదీన విలువ కడతారు? మినహాయింపులకి ఎవరిని అడగాలి? జవాబు మాటల్లో కాదు, కాగితం మీద అంకెల్లో తీసుకోండి.

ఇప్పుడు నా పద్దుల పుస్తకంలో పాలు, కూరలతో పాటు పన్నుకీ ఓ పేజీ ఉంది. 2024లో అమ్మని చూసి వచ్చాను. ఈ లెక్కలు మగవాళ్ళు చూసుకుంటారులే అనుకోకండి. వంటింటి పద్దు రాసే చేతికి ఈ పద్దు రాయడం ఏమంత కష్టం చెప్పండి?