గట్టు మీద చెట్టే గురుతు

కోడుమూరు వైపు సాగే హంద్రీలో వానలు వెనకబడితే పడవకు పనే ఉండదు. పుట్టి ఎక్కాలంటే అక్కడివాళ్లు తుంగభద్రకు పోవాల్సిందే. పుట్టి నడిపేవాడు ఎంత దూరమొచ్చాడో తెలుసుకోవడానికి నీళ్లను చూడడు, గట్టు మీద చెట్టును చూస్తాడు. నీళ్లూ కదులుతుంటాయి కదా!

వాటర్ స్కీయింగ్ పడవలకు ఈ కిటుకు ఆలస్యంగా ఒంటబట్టింది. స్లాలమ్ పోటీలో 259 మీటర్ల దారిని గంటకు 58 కిలోమీటర్ల వేగంతో పడవ 16.08 సెకన్లలో దాటాలి. ఒక్క కిలోమీటరు పెరిగినా పావు సెకనుకు పైగా తేడా! వెనక తాడు పట్టుకుని ఆరు బోయాలు చుట్టేవాళ్ల నెలల సాధన అంతా ఆ అంకె మీదే ఆధారపడి ఉంటుంది. పాత పడవల అడుగున నీటి ఒరవడికి తిరిగే చిన్న చక్రం వేగం చెప్పేది. నాచు చుట్టుకున్నా, ప్రవాహమున్నా లెక్క తప్పేది. స్టాప్‌వాచీ పెట్టుకుని మాటిమాటికీ సరిచేసుకోవాల్సి వచ్చేది.

జీపీఎస్ వచ్చాక వేగాన్ని నేలను బట్టి కొలుస్తున్నారు. అలాగని నిశ్చింతగా ఉండలేం. యాంటెన్నాకు ఆకాశం అడ్డులేకుండా కనిపించాలి. బోయాలను పట్టి ఉంచే తాళ్లు సాగితే 259 మీటర్లు 259గా ఉండవు. అప్పుడు యంత్రం ఒప్పే, దారే తప్పు! అందుకే అనుభవమున్న డ్రైవరు సమయంలో తేడా రాగానే మీట తిప్పడు. ముందు బోయాల మధ్య దూరం కొలిపిస్తాడు.